వార్తల్లో పదం: అండోత్సర్గ అభిరుచి పరికల్పన

ఋతుచక్రంలో అండాశయం నుంచి అండం విడుదలయ్యే దశను అండోత్సర్గం అంటారు. ఆ రోజూ, దానికి ముందు సుమారు 5 రోజులూ గర్భధారణకు అనుకూలమైనవి కాగా, ఆ వ్యవధిలో స్త్రీలు పురుషత్వ లక్షణాలు ప్రస్ఫుటంగా ఉన్నవారి వైపు ఎక్కువ మొగ్గుతారని, మేలైన జన్యువులను సంతానానికి అందించేందుకు పరిణామక్రమం ఏర్పరచిన సర్దుబాటే ఇదని ఈ పరికల్పన ప్రతిపాదిస్తుంది. పురుషులు రాత్రి ధరించిన టీషర్టుల వాసన చూపించి 1998లో గాంజెస్టాడ్, థార్న్‌హిల్ జరిపిన పరిశోధన, ముఖచిత్రాలపై 1999లో పెంటన్‌-వోక్ బృందం నేచర్ పత్రికలో ప్రకటించిన అధ్యయనం దీనికి విశేష ప్రచారం కల్పించాయి.

అయితే తొలి అధ్యయనాల్లో చాలావరకు కొద్దిమందితోనే జరిగాయి. పైగా అండోత్సర్గ దినాన్ని హార్మోన్ పరీక్షతో కాక, స్త్రీలు గుర్తుచేసుకుని చెప్పిన ఋతుస్రావ తేదీల నుంచి లెక్కగట్టడం వాటి ప్రధాన లోపం. అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి పరిశీలించే మెటా విశ్లేషణలు 2014లో రెండు వెలువడి, ఒకటి పరికల్పనను సమర్థించగా రెండోది తోసిపుచ్చింది. 2018లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 584 మంది స్త్రీల లాలాజలంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ వంటి హార్మోన్లను పలుమార్లు కొలిచినప్పుడు, ముఖాలపై ఇష్టం వాటిని అనుసరించి మారుతుందనేందుకు బలమైన ఆధారం దొరకలేదు. స్త్రీల ఎంపికను కేవలం హార్మోన్ల ఖాతాలో వేసే వార్తాశీర్షికలు ఈ ఫలితాన్ని విస్మరించడం అన్యాయం. చక్రమధ్యంలో లైంగికాసక్తి సాధారణంగా కొంత పెరుగుతుందనడానికి మాత్రం ఇంతకంటే గట్టి ఆధారాలున్నాయి.