బెల్లపు పాకము – మరుగు వేడిమి

చెరకు గానుగలాడు దినములు వచ్చినవి. పాకమును దింపు సమయ మెరుగుటకు మన రైతులు దానిని చన్నీటిలో వేసి ఉండ కట్టునా లేదా యని చూచుచుందురు. అనుభవము గలవాని చేతి కది చాలును. ఆయనకు కునుకు పట్టిన రాత్రి పెనమెడు పాకమును మాడిపోవును. ఉష్ణమాపక ముంచుకొనుడని మేము చెప్పుట యిందులకే. జ్వరము చూచునది దీనికి పనికిరాదు. పనికివచ్చున దైనను దాని నెరిగి వాడవలెను. ఆ సంగతి మేము నష్టపడియే నేర్చుకొంటిమి.

నీరు చల్లగా నున్నప్పుడును కొంత ఆవిరి యగుచునే యుండును. ఎండ లేకున్నను తడిపంచె యారుట లేదా? ఆ యావిరికి ఒత్తిడి కలదు. సెంటిగ్రేడు 30 డిగ్రీల వేడిమిలో నది 32 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. వేడిమి హెచ్చిన కొలది త్వరత్వరగా పెరిగి 100 డిగ్రీలకు 760 మిల్లీమీటర్లగును. సముద్రతీరమున గాలి యొత్తిడియు నంతియే. రెండును సమానమైనపుడు నీటిలోపలనే బుడగలు లేచి నీరు మరుగును. అటుపిమ్మట నెంత పిప్పి యెగద్రోసినను ఉత్త నీటి వేడిమి పెరుగదు. నీరు వేగముగా నావిరియై పోవును, అంతే.

రసములోని చక్కెర ఆ యావిరి యొత్తిడిని తగ్గించును. కావున మరుగుటకు హెచ్చు వేడిమి కావలెను. పచ్చిరసము 100 డిగ్రీలకు కొంచెము పైన మరుగును. నీరు పోయి పాకము చిక్కనగు కొలది వేడిమి 105, 110 దాటి, 118 ప్రాంతమున బెల్లమునకు వచ్చును. మొదట మంట జోరుగా నుండవచ్చును. చివర నీరు కొద్దియే మిగులును గనుక వేడిమి చూచుచుండగనే యెక్కును.

ఒకప్పుడు మేము సుమారు 900 మీటర్ల యెత్తుననున్న యొక మన్యపు గ్రామమునకు పోయి, తీరపు లెక్క చొప్పున 118 వచ్చువరకు పాకమును దింపనీయలేదు. "అయ్యా, పాకము ముదిరినది" అని యొక వృద్ధుడు రెండుమార్లు చెప్పెను. మేము వినలేదు. బెల్లము నల్లబడి చేదెక్కెను; ఆ పెనము వెల మేమే యిచ్చుకొంటిమి. అంత యెత్తున గాలి యొత్తిడి తక్కువ. నీరు 97 డిగ్రీలకే మరుగును. పాకమును 115 ప్రాంతముననే దింపవలసియుండెను.

పంచదార కర్మాగారములవా రీ సంగతినే లాభమునకు త్రిప్పుకొనిరి. 1813లో ఇంగ్లండున హోవర్డు అను నతడు కనిపెట్టిన పద్ధతిని, మూసిన పాత్రలోని గాలిని లాగివేసి, పాకమును తక్కువ వేడిమికే మరిగింతురు. అట్టి పాత్ర మన గానుగ దొడ్లకు అందునది కాదు.

మనము చేయదగినది చిన్నపని. పెనము పెట్టుటకు ముందు గిన్నెలో మంచినీరు మరిగించి, ఉష్ణమాపకము చూపు అంకెకు 18 కలుపుకొనుడు. 97 అయిన 115, 99 అయిన 117. ఉష్ణమాపకమున స్వల్పదోష మున్నను చాలవర కిందులోనే సర్దుకొనును. దాని గాజుబుడ్డిని పెనపు అడుగునకు తాకనీయకుడు. ఆ యంకెకు రెండు మూడు డిగ్రీలు తక్కువగా నుండగనే పొయ్యిలో పిప్పి వేయుట మాని, మంటను వెలుపలికి లాగవలెను.