పక్షవాత రోగుల తూకము

ధాన్యపు బస్తాను తూచకుండ అమ్ము రైతు మన సంఘమున నొక్కడును లేడు. పక్షవాతము సోకి ఆసుపత్రినుండి యిల్లు చేరిన వృద్ధులను తూచి చూచువారు మాత్రము మాకు మిక్కిలి అరుదుగా కనబడుచున్నారు. ప్రాణముతో వచ్చిరి గదా యని యింటివారు తృప్తిపడుదురు. పిమ్మట నెలనెలకు చిక్కిపోవుచుండగా, అది జబ్బు లక్షణమే యని యూరకుందురు. పెక్కుమార్లు అది తిండి చాలక కలిగిన క్షీణతయే.

మే మెఱిగిన యొక వృద్ధ సభ్యునికి కుడిచేయియు, మాటయు పడిపోయినవి. కోడలు వేళకు కంచము పెట్టుచునే యుండెను. ఎడమచేత అన్నము తినుట ఆయనకు సిగ్గు. ఒకరు నోటికందించుట అంతకంటె సిగ్గు. ఆ మాట చెప్పుటకు నోరు రాదు. ఆకలి లేదు కాబోలునని కంచము తీసివేయుచుండిరి. సంఘపు గిడ్డంగిలోని కాటాపై కుర్చీతోగూడ కూర్చుండబెట్టి, కుర్చీ బరువు తీసివేసి చూడగా 52 కిలోలు. మూడు మాసములక్రిందటి ఆసుపత్రి చీటీలో 58 అని యున్నది. నూటికి పదికి పైగా తఱిగిపోయెను!

2003లో బ్రిటనున వెలువడిన 'మస్ట్' అను పరీక్షాపద్ధతి ప్రకారము, మూడు మొదలు ఆఱు మాసములలో కోరకయే తూకము నూటికి 5 మొదలు 10 వఱకు తగ్గినచో జాగ్రత్త వలయును. 10 దాటినచో అపాయ మధికము. కాటా యెక్కలేనివారికి వాపులేని కాలిపిక్కను టేపుతో కొలువవచ్చును. వృద్ధులలో ఆ చుట్టుకొలత 31 సెంటీమీటర్లకు తక్కువగుట పోషణలోపమునకు గుర్తుగా నెంచబడుచున్నది. ఇట్టి వారిని గూర్చి ఆశా కార్యకర్తకుగాని వైద్యునికిగాని వెంటనే తెలుపవలెను.

అట్లయిన అందఱకును బలపు పొడుల డబ్బాలు కొనవలయునా? 15 దేశములలో, మ్రింగగల 4,023 మంది పక్షవాత రోగులపై జరిగి, 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో, మామూలు ఆహారమునకు తోడు పోషక పానీయములు అందఱికి నిచ్చుటవలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. వారిలో అత్యధికులు మొదట పోషణలోపము లేనివారే. కావున డబ్బాలకై అప్పు చేయుటకంటె, లోప మెవరికి గలదో కనిపెట్టుట ముందు పని యని మా యభిప్రాయము. (అట్లు అప్పు చేసినవారు మన సభ్యులలో లేకపోలేదు.)

మ్రింగుట విషయము మఱింత జాగ్రత్తగా చూడవలెను. నీరు త్రాగగానే దగ్గు వచ్చినను, పొలమారినను, గొంతు గురగురలాడినను, ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదేమో యని యనుమానింపవలెను; దానివలన న్యుమోనియా కలుగును. పరుండబెట్టి గంజి పోయుట మిక్కిలి ప్రమాదము. ఏది పెట్టవలెనో, ఎంత చిక్కగా నుండవలెనో వైద్యుడు మ్రింగుడు పరీక్షించి చెప్పవలెను. ఇక పథ్యమను పేర పప్పు, పెరుగు, గ్రుడ్డు మాన్పించి చారన్నముతో నెలలు గడుపు వాడుక యొకటి కలదు. వైద్యుడు వలదనని పదార్థమును మనము మాన్పనేల?

ఆ వృద్ధునికి వైద్యుని సలహాపై లోతైన గిన్నెయు, లావుపిడి చెంచాయు నిచ్చిరి. భోజనవేళ మనుమడు తప్ప ఇతరు లెవ్వరు నచ్చట నుండకుండ చేసిరి. మఱుసటి నెల 53 కిలోలు తూగెను. ఎరువుల బస్తాలు రాని దినములలో ఉదయమున కాటా ఖాళీగానే యుండును, గుమాస్తాతో చెప్పియుంచితిమి.