రక్తములో రోగము - మూత్రములో సాక్ష్యము

చలి, వణుకు, తీవ్రజ్వరములతో మంచము పట్టిన రోగికి రక్తపరీక్షతోపాటు మూత్రపరీక్షయు వ్రాసినచో ఇంటివారు కొందరు సణుగుకొనుట కలదు. జబ్బు నెత్తుటిలో నున్నదని చెప్పుచు మూత్రమెందుకని వారి ప్రశ్న. అది సమంజసమైన ప్రశ్నయే.

సంగము కడ పెన్నపై నాపిన నీరు కాలువలగుండ కనిగిరి జలాశయమునకు, పొలములకు పోవుచున్నది. 2022లో క్రొత్త బారేజి ప్రారంభమైనది గాని నీటి త్రోవ మారలేదు. కాలువలో మురికి కనబడినచో రైతు మొదట విచారించునది యిది: మురికి ఏటిలోనే కలదా, కాలువలో కలిసినదా? వైద్యుని విచారణయు నిట్టిదే. గుండె పంపు రక్తములో దాదాపు 5వ వంతు మూత్రపిండములకు చేరును. అందు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడగట్టబడి, చివరకు ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రమై వెలువడును. కావున రక్తములోని సూక్ష్మజీవి మూత్రములోనికి దిగవచ్చును. కాలువకు లేని చిక్కొకటి దేహమునకు కలదు: ఇచ్చట మురికి ఎదురెక్కగలదు!

ప్రేగులలో నుండు ఎషెరీషియా కోలై సాధారణముగా ఎదురెక్కునదే. అది మూత్రాశయమునుండి మూత్రపిండమునకును, అచ్చటినుండి రక్తమునకును ప్రాకును. మధుమేహము కలవారికి, రాళ్లున్నవారికి, మూత్రమునకు గొట్టము వేయించుకొన్నవారికి ఈ భయ మధికము. రక్తములోను మూత్రములోను ఒకే జీవి పెరిగినచో రోగమునకు మూలము చాలవరకు తెలిసినట్లే. రాయి యడ్డుపడి యున్నయెడల మందొక్కటియే చాలదు; ఆ యడ్డు తొలగింపవలెను. ఈ సంగతి రక్తపరీక్ష యొక్కటే చెప్పజాలదు.

స్టెఫిలోకాకస్ ఆరియస్ కథ వేరు. సెగగడ్డలకు కారణమగు ఈ జీవి, గొట్టము లేని రోగి మూత్రములో కనబడినచో, రక్తమునుండి దిగినదేమోయని అనుమానింపవలెను. అప్పుడు మూత్రమే రక్తపరీక్షకు దారి చూపును; గుండె కవాటములను గూడ పరీక్షింప వలసిరావచ్చును.

బురదపొలములలో పనిచేయువారికి లెప్టోస్పైరోసిస్ అను జ్వరమొకటి కలదు. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి అది సోకును. దాని జీవులు మొదటి వారమున రక్తములో నుండి, పిమ్మట మూత్రములో వెలువడును. మామూలు కల్చరులో ఇవి పెరుగవు గనుక, రోగి చేయు పనిని వైద్యునికి చెప్పుట మేలు. దీనికి వాడు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల వంశమునకు చెందినది. ఆ వంశములో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెలువడినది, మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లే ప్రయోగశాలనుండియే.

మూత్రములో జీవులు కనబడగానే జ్వరమునకు కారణము దొరికినదని సంతోషింపరాదు. వృద్ధులలో, ముఖ్యముగా స్త్రీలలో, ఏ బాధయు లేకయే అవి యుండవచ్చును. దానిని పట్టుకొని కూర్చున్నచో అసలు రోగము న్యుమోనియాయో మరియొకటియో కనుగొనబడకపోవును. ఈ పొరపాటు తక్కువైనది కాదని మా అభిప్రాయము.

నమూనాలు ఆంటీబయోటిక్ మొదటి మోతాదుకు ముందే తీయవలెను. ఊరిలో సూదిమందు పొడిపించుకొని, తగ్గక, బుచ్చిరెడ్డిపాళెము మీదుగా నెల్లూరు చేరువేళకు జీవులు మందుదెబ్బకు కల్చరులో పెరుగకపోవచ్చును; వైద్యుడు ఊహతో మందు వ్రాయవలసివచ్చును. అయినను రోగి ప్రమాదస్థితిలో నున్నప్పుడు నమూనాకై మందు నాపరాదు.

మూత్రము పట్టుటకు ముందు శుభ్రముగా కడుగుకొని, తొలిధార విడిచి, నడిమిధారను ఆసుపత్రివా రిచ్చిన సీసాలో పట్టి వెంటనే మూత బిగింపవలెను. ఇంటిలోని ఖాళీ మందుసీసాలు పనికిరావు. నమూనాను రెండు గంటలలోగా అందింపవలెను. అనుకూలమైన వెచ్చదనమున కోలై 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. అనగా రెండు గంటలలో ఒకటి 64 కాగలదు. మన రోహిణికార్తె యెండలో ఆలస్యమైన నమూనా అబద్ధమే చెప్పును. ఆలస్యము తప్పదన్నచో ఫ్రిజ్‌లో నుంచవలెను గాని గడ్డకట్టనీయరాదు.

పరీక్షలతో పని లేకుండ ఇంటివారు గమనింపదగినది మూత్రపు పరిమాణము. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకన్న తక్కువగా కొన్ని గంటలపాటు వచ్చినచో మూత్రపిండములు దెబ్బతినుచున్నవేమోయని వైద్యులు శంకింతురు. జ్వరపడిన పెద్దవారు పొంతనలేని మాటలాడుచు, ప్రొద్దుటినుండి మూత్రమునకు పోకున్నయెడల, తెల్లవారువరకు వేచియుండక ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.