పండుగ బిస్కత్తును పొంగించు లవణము

అంగడిలో కొన్న బిస్కత్తు పొట్లమును త్రిప్పి, దానిపై అచ్చువేసిన వివరములు చదివి చూడుడు. పొంగించు పదార్థములు అనుచోట 500, 503 అను అంకెలు తరచుగా కనబడును. 500 అనునది వంటసోడా కుటుంబమునకు చెందిన అంకె. 503 అమోనియం కార్బొనేటు, అమోనియం బైకార్బొనేటులకు గుర్తు. ఈ అమోనియం లవణమునే జర్మనీలో క్రిస్మసు పండుగకు ముందు చిన్న పొట్లములుగా కొని ఇంటికి తెచ్చుకొందురు. పండుగకు చేయు లేబ్‌కూఖెన్ అను సుగంధ బిస్కత్తులలో దానిని కలుపుట వారి ఆనవాయితీ. ఆ లవణము చేయు మేలేమో, కీడేమో పరిశీలింతము.

లేబ్‌కూఖెన్‌కు పేరుపొందిన పట్టణము న్యూరెంబర్గు. అక్కడ ఈ వృత్తివారి ప్రస్తావన 1395 నాటికే కలదు. చుట్టునున్న అడవులలో తేనె సమృద్ధిగా లభించెడిది. వర్తకమార్గములు ఆ పట్టణమున కలియుటచే తూర్పుదేశముల సుగంధద్రవ్యములు అక్కడికి చేరెడివి. దాల్చినచెక్క, లవంగములు, ఏలకులు, ధనియాలు, జాజికాయ, అల్లము నేటికిని ఇందులో కలుపుదురు.

ఆ లవణమునకు జర్మను భాషలో 'జింకకొమ్ము ఉప్పు' అని పేరు. పూర్వము కొమ్ములను మూసిన పాత్రలో కాల్చి, వెలువడిన ఆవిరినుండి దీనిని సంగ్రహించెడివారు. నేడు అమోనియా, బొగ్గుపులుసు వాయువు, నీరు కలిపి కర్మాగారములలో తయారుచేయుచున్నారు.

దీని గొప్పదనము లెక్కలో తెలియును. 79 గ్రాముల అమోనియం బైకార్బొనేటు వేడికి విడిపోయినపుడు 17 గ్రాముల అమోనియా, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 18 గ్రాముల నీటియావిరి వచ్చును. మొత్తము మరల 79 గ్రాములే. అనగా లవణమంతయు ఎగిరిపోవును, ఏమియు మిగులదు. 168 గ్రాముల వంటసోడా అట్లే విడిపోయినచో 106 గ్రాముల సోడియం కార్బొనేటు మిగిలి, సబ్బురుచి కలిగించును. అయితే అమోనియా నీటిలో మిక్కిలి కరుగును. కనుక పలుచనై, తడి ఆరిపోవు బిస్కత్తులనుండి మాత్రమే అది పూర్తిగా వెలుపలికి పోగలదు. మందమైన కేకులో చిక్కుకొని దుర్వాసన నిచ్చును. ఈ లవణము కలిపిన పచ్చి పిండిని రుచి చూడరాదు.

ఇక కీడు సంగతి. పిండిపదార్థములను అధికమైన వేడిలో వేయించినను, కాల్చినను ఏక్రిలమైడు అను పదార్థము ఏర్పడునని 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ప్రయోగశాలలోని జంతువులకు అది కాన్సరు కలిగించెను. ఆహారముద్వారా మనుష్యులకు కలుగు హాని ఎంతయో నిర్ధారణ కాలేదు. అయినను వీలైనంత తగ్గించుట మేలని నిపుణుల అభిప్రాయము. గోధుమపిండిలోని ఆస్పరజీను అను ఆమినో ఆమ్లము, తేనెలోని గ్లూకోసు, ఫ్రక్టోసులతో సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడిలో కలిసినపుడు ఇది పుట్టును. బిస్కత్తుకు ఎర్రని రంగును, కమ్మని వాసనను ఇచ్చు రసాయన చర్యలోనిదే ఈ శాఖ. ఆ చర్యను 1912లో మయ్యారు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అమోనియా చక్కెరలను త్వరగా విడగొట్టి ఏక్రిలమైడు పుట్టుటకు తోడ్పడును. స్విట్జర్లాండులో జరిగిన ఒక పరిశోధనలో, ఇట్టి తేనె బిస్కత్తులలో అమోనియం లవణమునకు బదులు వంటసోడా వాడగా ఏక్రిలమైడు 60 శాతమునకు మించి తగ్గెను.

కనుక ఇంట చేయువారికి వంటసోడాయే మేలు. 250 గ్రాముల తేనె, 100 గ్రాముల చక్కెర, 50 గ్రాముల వెన్న సన్నని సెగపై కరగించి చల్లార్చవలెను. 500 గ్రాముల మైదాపిండి, రెండు చెంచాల సుగంధద్రవ్యముల పొడి కలిపి, ముద్దచేసి, ఒక రాత్రి మూతపెట్టి ఉంచవలెను. మరునాడు ఒక గ్రుడ్డును, చెంచా నీటిలో కరగించిన 5 గ్రాముల వంటసోడాను చేర్చి బాగుగా పిసికి, అరసెంటీమీటరు మందమున ఒత్తి, ముక్కలు కోసి, 170 డిగ్రీల వేడిలో సుమారు 12 నిమిషములు కాల్చవలెను. తేనె ఆమ్లగుణము కలది. అది సోడాలో కొంత భాగముతో కలిసి వాయువును వెలువరించును. బిస్కత్తు కొంత తక్కువగా పొంగును, మిగిలిన సోడారుచిని సుగంధద్రవ్యములు చాలవరకు కప్పివేయును. బంగారు వన్నె రాగానే తీసివేయవలెను. రంగు ముదిరినకొలది ఏక్రిలమైడును పెరుగును.

చల్లారిన బిస్కత్తులు గట్టిగా ఉన్నచో నిరుత్సాహపడవలదు. మూతగల డబ్బాలో ఒక ఆపిలు ముక్కతోకూడ ఉంచినచో కొన్ని దినములకు మెత్తబడును. తేనెలోని ఫ్రక్టోసు తేమను పీల్చుకొనుటయే ఇందుకు కారణము. ఆపిలు ముక్క పాడుకాకముందే మార్చుచుండవలెను.

ఉపాధ్యాయులు ఈ రెండు లవణములను తరగతిలో పోల్చి చూపవచ్చును. గాలి ఆడుచోట, రెండు పరీక్షనాళికలలో చిటికెడు చొప్పున వేసి వేడిచేసి, ఒక్కొక్క నాళిక మూతివద్ద తడిపిన ఎర్ర లిట్మసు కాగితమును పట్టవలెను. అమోనియం లవణమున్న నాళికవద్ద కాగితము నీలివర్ణమగును, అడుగున ఏమియు మిగులదు. సోడా ఉన్న నాళికలో తెల్లని పొడి మిగులును. పొట్లముపై నున్న ఆ రెండంకెలకు గల భేదము విద్యార్థులకు కన్నులార కనబడును.