ఏది ఆపుకోవాలి? ఏది ఆపకూడదు?

సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గంలో ఉన్న మా స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలు ఆగే చోటు ఉంది. 2016 వరకు వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత జనగామ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో 'ఆపడం' అనే పనికి మాటలు కొదువ లేవు. మనం బస్సును ఆపుతాం. తూము మూసి చెరువు నీళ్లు నిలుపుతాం. ఉరికే ఎద్దును పగ్గం పట్టి నిలేస్తాం. పదిమందిలో కన్నీళ్లు ఉగ్గబట్టుకుంటాం, కోపాన్ని దిగమింగుతాం. ఖర్చు దగ్గర చెయ్యి బిగబడతాం. ఎవరైనా సాయం అడిగితే వెనకాడతాం. వీటిలో కొన్ని మెచ్చుకోదగినవి, కొన్ని సిగ్గుపడదగినవి. మరి తేడా ఎక్కడుంది?

పాత నిబంధన హెబ్రీ మూలంలో 'హాసక్' అనే క్రియ ఉంది. ఆపడం, పట్టి ఉంచడం అని దాని అర్థం. అబీమెలెకు పాపం చేయకుండా దేవుడు అతణ్ని అడ్డగించిన చోట (ఆది 20:6) ఆ మాటే ఉంది. దురభిమాన పాపాల్లో పడకుండా తనను ఆపమని దావీదు వేడుకున్న చోటా (కీర్తన 19:13) అదే. అబ్రాహాము తన కుమారుణ్ని ఇవ్వడానికి వెనుతీయలేదని దేవుడు మెచ్చుకున్న చోటా (ఆది 22:12) అదే! పాపం ముందు ఆగినవాడు ధన్యుడు. ఇవ్వవలసిన చోట ఆగిపోనివాడూ ధన్యుడే. క్రియ ఒక్కటే. దేన్ని ఆపుతున్నాం, ఎవరి మేలు కోసం ఆపుతున్నాం అన్నదే అసలు ప్రశ్న. చెరువు కట్ట నీళ్లు ఆపేది తాను తాగడానికి కాదు, పొలానికి అందించడానికే కదా!

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి చక్కని సాక్ష్యం ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేలాదిమందికి పని కల్పించారు. ఆ రోజుల్లోనే ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని, 1877 నుంచి సుమారు 15 నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశారు. కరువు సాయం ముగిసే వేళకు కూడా జనం విశ్వాసంతో వస్తూనే ఉన్నారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘం సంఖ్య పెంచుకోవాలన్న తొందరను ఆయన ఆపుకున్నారు. ఆకలిగొన్నవారి పనిని, కూలిని మాత్రం ఆపలేదు.

మనం చాలాసార్లు దీనికి తలకిందులుగా నడుస్తాం. ఆపుకోవలసిన నోటిని వదిలేస్తాం, వదలవలసిన కూలిని ఆపేస్తాం. పత్తి ఏరినవారిని, నాట్లు వేసినవారిని 'రేపు రా, ఎల్లుండి రా' అని తిప్పుతాం. కూలివాని కూలి తెల్లవారే వరకు మన దగ్గర ఉంచుకోకూడదని ధర్మశాస్త్రం చెబుతోంది (లేవీ 19:13). చేలు కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి గురించి యాకోబు పత్రిక ఇంకా గట్టిగా మాట్లాడుతుంది (5:4). కూలీలు నోరు మెదపకపోయినా, ఆ కూలి డబ్బే దేవునికి మొరపెడుతుందట! శనివారం కూలికి చెందవలసిన నోటును ఆదివారం కానుక సంచిలో వేస్తే దేవుడు సంతోషిస్తాడా?

ఆగిపోయేది డబ్బు ఒక్కటే కాదు. గెట్టు తగాదాతో మాటలు బంద్ పెట్టుకున్న అన్నదమ్ములు ఒకే మందిరంలో చెరో వైపు కూర్చుంటారు. 'తప్పయింది తమ్మీ' అనే ఒక్క మాట ఏళ్ల తరబడి గొంతులోనే ఆగిపోతుంది. కోపం అణచుకోవడం ఆత్మఫలం. క్షమాపణను అణచిపెట్టుకోవడం అతిశయం.

అబ్రాహాము చెయ్యెత్తిన క్షణంలో దేవుడు ఆ చేతిని ఆపాడు, ఇస్సాకు బతికాడు. కల్వరిలో మాత్రం ఎవరూ ఆపలేదు. తన సొంత కుమారుణ్ని మన కోసం అప్పగించడానికి తండ్రి వెనుతీయలేదని పౌలు రాశాడు (రోమా 8:32). అంతటిది ఇచ్చిన దేవుని బిడ్డలం మనం. మన దగ్గర ఆగిపోయిన కూలి ఎవరిదో, గొంతులో ఆగిపోయిన మాట ఎవరికి చెందాలో ఈ రోజే చూసుకుందాం. పొద్దుగుంకక ముందే వారి గడప తొక్కుదాం.