రొమ్ముగాయమునకు కట్టు: గాలి త్రోవను మూయరాదు

చేతికి కత్తి తెగినను, కాలికి రాయి గీచుకొనినను గుడ్డపేలికను గట్టిగా చుట్టి కట్టుట మన యిండ్లలో అందరెరిగిన చికిత్సయే. కట్టు ఎంత బిగువుగా నున్న నెత్తురు అంత త్వరగా నిలుచునని పెద్దలు చెప్పుదురు. శరీరములో పెక్కు భాగముల విషయమున ఈ మాట నిజమే. కాని రొమ్మున లోతుగా దిగిన గాయము విషయమున ఈ అలవాటే ప్రమాదమును కొనితెచ్చును. అచ్చట కాపాడవలసినది నెత్తురు ఒక్కటియే కాదు. ఊపిరిని కూడ కాపాడవలెను.

ఇట్టి గాయములు యుద్ధభూమికే పరిమితమైనవి కావు. పొలములో ఎద్దు కొమ్ముతో పొడిచినపుడు, తాటిచెట్టు మీదినుండి జారి మోడుపై పడినపుడు, ఇల్లు కట్టుచోట నిలిపిన ఇనుపచువ్వ గ్రుచ్చుకొనినపుడు, రహదారి ప్రమాదమున బండి రేకు చీల్చినపుడు, కొట్లాటలో కత్తిపోటు తగిలినపుడు ఇవి కలుగుచుండును. ఆ సమయమున వైద్యుడు ప్రక్కన నుండడు. ఉండువారు తోడికూలీలు, బాటసారులు, ఇరుగుపొరుగువారు. ఆ కొద్ది నిమిషములలో వారు చేయు పనిపైనను, చేయక మానిన పనిపైనను ఒక ప్రాణము ఆధారపడియుండును.

ఊపిరి ఆడు తీరు

ఊపిరితిత్తి అను పేరులోనే మన పూర్వులు ఒక చక్కని పోలికను ఇమిడ్చిరి. కమ్మరి కొలిమితిత్తిని పైకెత్తగానే గాలి లోనికి వచ్చును. అణచగానే వెలికి పోవును. అయితే మన శరీరమున తిత్తిని ఎత్తి అణచు పనిని ఊపిరితిత్తులు స్వయముగా చేయజాలవు. ఆ పని చేయునది రొమ్ముగూడు. ప్రక్కటెముకలు పైకి లేచి, రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువలె నున్న ఉదరవితానమను కండరము క్రిందికి దిగినపుడు రొమ్ముగూడు విశాలమగును. దానితోపాటు ఊపిరితిత్తులును విచ్చుకొని, ముక్కు నోళ్ల ద్వారా గాలిని లోనికి తీసికొనును.

ఊపిరితిత్తిని కప్పి ఒక పలుచని పొరయు, రొమ్ముగోడ లోపలివైపున మరియొక పొరయు కలవు. ఈ రెంటి నడుమ కొద్దిపాటి తేమయే కాని గాలి యుండదు. అచ్చటి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తక్కువ. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానినొకటి విడువక అంటియున్నట్లు, ఈ పొరలును అంటియుండి కదలును. కనుకనే రొమ్ము ఎటు కదలిన ఊపిరితిత్తి అటు కదలును. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 12 మొదలు 20 సార్ల వరకు ఊపిరి తీయును. ఇదంతయు ఆ రెండు పొరల నడుమ గాలి చేరకుండుటపై ఆధారపడియున్నది.

చిల్లి పడినపుడు ఏమగును?

ఆయుధమో చువ్వయో రొమ్ముగోడను చీల్చుకొని పోయినపుడు బయటి గాలి ఆ పొరల నడుమకు జొచ్చును. వాటి పట్టు సడలి, ఆ ప్రక్క ఊపిరితిత్తి ముడుచుకొనిపోవును. చిల్లి శ్వాసనాళపు వెడల్పులో మూడింట రెండువంతులకు మించినచో, ఊపిరి పీల్చినప్పుడెల్ల గాలి ముక్కు ద్వారా వచ్చుటకంటె గాయము ద్వారానే ఎక్కువగా వచ్చునని శస్త్రవైద్యులు చెప్పుదురు. తోలు చిరిగిన కొలిమితిత్తిని ఎంత ఆడించినను నిప్పు రాజుకొననట్లు, గాయపడినవాడు ఎంత ప్రయాసపడినను అతనికి చాలినంత ప్రాణవాయువు అందదు.

ఈ గాయమునకు కొన్ని గుర్తులున్నవి. ఊపిరి పీల్చునపుడు గాయమునుండి బుస్సుమను చప్పుడు వినవచ్చును. విడుచునపుడు నెత్తురు నురుగులు కట్టి బుడగలుగా పైకి వచ్చును. రోగికి ఆయాసము, ఆందోళన కలుగును. దగ్గిన నెత్తురు పడవచ్చును. పెదవులు నీలివర్ణము దాల్చవచ్చును. చప్పుడు లేనంతమాత్రమున అపాయము లేదని తలపరాదు. మెడ మొదలుకొని బొడ్డు పైభాగము వరకు ముందువైపునగాని, వెనుకవైపునగాని, చంకలోగాని లోతుగా దిగిన ప్రతి గాయమును రొమ్ముగాయముగానే భావింపవలెను. ఊపిరి విడిచినపుడు ఉదరవితానము చనుమొనల మట్టము వరకు లేచును గనుక, పొట్ట పైభాగమున దిగిన పోటు కూడ రొమ్ములోనికి చొచ్చియుండవచ్చును.

మూసివేసిన చాలదా?

చిల్లియే కీడు చేయుచున్నపుడు దానిని మూసివేసిన సరిపోదా యని ఎవరికైనను తోచును. వైద్యులును చిరకాలము అట్లే తలచిరి. నెపోలియన్ సైన్యమునందలి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు లారే అట్టి గాయమును మూసివేయగా రోగికి ఊపిరి నెమ్మదించుటను గమనించెను. ఇరువదవ శతాబ్దిలో చాలకాలము ప్రథమచికిత్సా బోధనలు గాలి చొరకుండ గాయమును మూయుమనియే చెప్పినవి.

కాని దీనిలో ఒక చిక్కు కలదు. రొమ్ముగోడను చీల్చిన ఆయుధము తరచుగా లోపలి ఊపిరితిత్తిని కూడ చీల్చును. అప్పుడు గాలి బయటినుండియే కాక లోపలినుండియు పొరల నడుమకు వచ్చి చేరుచుండును. పై గాయమును గట్టిగా మూసినచో ఆ గాలికి వెలుపలికి పోవు త్రోవ యుండదు. సైకిలు ట్యూబునకు వాల్వు ద్వారా గాలి కొట్టినపుడు అది లోనికి పోవునే కాని తిరిగి రాదు. కొట్టినకొలది ట్యూబు బిగిసిపోవును. రొమ్ములోను ఇట్లే ఊపిరి ఊపిరికి గాలి నిండి ఒత్తిడి పెరుగును. ఊపిరితిత్తి పూర్తిగా నలిగిపోవును. అంతటితో ఆగక ఆ ఒత్తిడి గుండెను, పెద్ద రక్తనాళములను ప్రక్కకు నెట్టును. గుండెకు తిరిగి రావలసిన రక్తము రాదు. సకాలమున ఆ గాలిని వెలువరింపకున్నచో రోగి మరణించును. మేలు కోరి వేసిన కట్టే ఈ స్థితిని కల్పింపవచ్చును.

ఈ అపాయమును తప్పించుటకు గాయముపై పరచిన పొరను మూడు అంచుల యందు అంటించి, నాలుగవ అంచును వదలివేయు పద్ధతి ప్రచారములోనికి వచ్చెను. అయితే నెత్తురుతో, చెమటతో తడిసిన చర్మముపై పట్టీ సరిగా అంటదు. వదలిన అంచు కూడ గడ్డకట్టిన నెత్తురుతో మూసికొనిపోవచ్చును. 2015లో పునరుజ్జీవన చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ సమన్వయ సమితి ఈ విషయమును పరిశీలించి, ప్రథమచికిత్స చేయువారు రొమ్ముగాయమునకు గాలి చొరని కట్టు వేయకుండుట మేలని సూచించెను. 2024లో అమెరికా హృదయ సంఘము, అమెరికా రెడ్‌క్రాసు కలసి వెలువరించిన సూచనలు మూడు మార్గములను అంగీకరించినవి: గాయమును తెరచియే యుంచుట, గాలి ఆడు పొడిగుడ్డను కప్పుట, గాలి వెలికి పోవుటకు కవాటమున్న ప్రత్యేకపు పట్టీని వేయుట. ఈ ప్రత్యేకపు పట్టీలు సామాన్యముగా సైనికుల వద్దను, అత్యవసర వైద్యసిబ్బంది వద్దను ఉండును. సామాన్యులకు మిగిలిన రెండు మార్గములే చాలును.

చేయవలసిన పని

మొదట వెంటనే 108కి గాని, దేశమంతటను పనిచేయు 112కి గాని ఫోను చేయవలెను. అంబులెన్సు వచ్చులోపల ఈ క్రింది విధముగా మెలగవలెను.

గాయము కనబడునట్లు బట్టలను తొలగించి, వీపును చంకలను కూడ చూడవలెను. ముందు దిగిన పోటు వెనుకకు వెడలియుండవచ్చును.

నెత్తురు ధారగా కారనిచో గాయమును తెరచియే ఉంచవచ్చును. కారుచున్నచో శుభ్రమైన గాజుగుడ్డనుగాని, ఉతికి ఆరవేసిన నూలుగుడ్డనుగాని గాయముపై నుంచి అరచేతితో అదుముచుండవలెను. నెత్తురు తగ్గిన పిదప ఆ గుడ్డను వదులుగా నిలిపియుంచిన చాలును. రొమ్ముచుట్టును బిగించి కట్టు కట్టరాదు. దానివలన ఊపిరి తీయుట మరింత కష్టమగును.

గుడ్డ నెత్తురుతో పూర్తిగా తడిసినపుడు అదియే గాలి చొరని మూతగా మారునని గుర్తుంచుకొనవలెను. తడిసినదానిని తీసి పొడిదానిని ఉంచవలెను.

స్పృహలో నున్నవానిని దిండునకో గోడకో ఆనించి, గాయపడిన ప్రక్కకు ఒరగి కూర్చుండనీయవలెను. అతనికి ఏ భంగిమలో ఊపిరి సులువుగా ఆడునో ఆ భంగిమయే మంచిది. స్పృహ తప్పి ఊపిరి ఆడుచున్నవానిని గాయపడిన ప్రక్క క్రిందికి వచ్చునట్లు ప్రక్కవాటుగా పరుండబెట్టవలెను. ఊపిరి నిలిచిపోయినచో, శిక్షణ పొందినవారు ఛాతీని నొక్కి చేయు పునరుజ్జీవన చికిత్సను ప్రారంభింపవలెను. దుప్పటి కప్పి శరీరము చల్లబడకుండ చూడవలెను.

కనిపెట్టియుండుట

కట్టు వేయుటతో పని ముగియదు. అంబులెన్సు వచ్చువరకు రోగిని విడువరాదు. ఆయాసము హెచ్చుచున్నను, మెడనరములు ఉబ్బుచున్నను, పెదవులు నీలివర్ణము దాల్చుచున్నను, రోగి కలవరపడి మాట తడబడుచున్నను రొమ్ములో గాలి బిగిసినదని అనుమానింపవలెను. కట్టు వేసియున్నచో తక్షణమే దానిని ఎత్తివేయవలెను. లోపలి గాలి బుస్సున వెలువడి ఊపిరి తేలికపడవచ్చును. తేలికపడకున్నను కట్టును మరల బిగింపరాదు. రోగి పరిస్థితిని అంబులెన్సువారికి వెంటనే ఫోనులో తెలుపవలెను.

చేయరాని పనులు

గ్రుచ్చుకొనియున్న కత్తినిగాని, చువ్వనుగాని, కొయ్యముక్కనుగాని పెరికివేయరాదు. అది లోపల తెగిన రక్తనాళమునకు అడ్డుగా నిలిచియుండవచ్చును. దానిచుట్టును గుడ్డలను ఎత్తుగా పేర్చి కదలకుండ చేయవలెను. గాయములో పసుపు, కాఫీపొడి, సున్నము, బూడిద మొదలగువానిని కూరరాదు. ప్లాస్టిక్ కాగితమునుగాని, అరటియాకునుగాని కప్పి చుట్టును పట్టీలతో అంటింపరాదు. గుడ్డను చిల్లిలోనికి దోపరాదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక తినుటకు, త్రాగుటకు ఏమియు ఇయ్యరాదు. నీరడిగినచో పెదవులను తడిపిన చాలును.

ఆసుపత్రిలో

ఆసుపత్రిలో వైద్యులు ప్రక్కటెముకల నడుమ ఒక గొట్టమును పెట్టి, దాని రెండవ కొనను సీసాలోని నీటిలో ముంచియుంచుదురు. రొమ్ములోని గాలి బుడగలు బుడగలుగా నీటిగుండ వెలికి పోవును. నీరు అడ్డముండుటచే బయటి గాలి లోనికి రాజాలదు. ముడుచుకొనిన ఊపిరితిత్తి క్రమముగా విచ్చుకొనును. ఇంత సరళమైన ఏర్పాటు ప్రాణము నిలుపుచున్నది. రోగిని అచ్చటికి ప్రాణముతో చేర్చుటయే ప్రథమచికిత్స యొక్క పని.

సాయము చేసిన తరువాత పోలీసు విచారణలు, కోర్టు చిక్కులు వచ్చునని కొందరు వెనుదీయుదురు. ఈ భయమునకు కారణము లేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, రహదారి ప్రమాదమున సద్భావముతో సాయపడినవానిపై గాయపడినవాని మరణమునకుగాని, హానికిగాని సివిలు, క్రిమినలు బాధ్యత లేదని స్పష్టపరచినది. అతని పేరు, చిరునామా చెప్పవలెనని నిర్బంధింపరాదని 2020 నాటి నియమములు తెలుపుచున్నవి. ప్రభుత్వ వైద్యుడైనను, ప్రైవేటు వైద్యుడైనను పోలీసు లాంఛనములకై వేచియుండక అత్యవసర చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది.

ఇంటిలో ఒక పెట్టెయందు శుభ్రమైన గాజుగుడ్డలు కొన్ని దాచియుంచుట కష్టమైన పని కాదు. సేద్యపుపనులు జరుగుచోట, ఇండ్లు కట్టుచోట, బస్సులలో, పాఠశాలలలో ఇవి తప్పక ఉండవలెను. గుడ్డతోపాటు ఈ ఒక్క మాటయు అందరి మనస్సులలో ఉండవలెను: రొమ్ముగాయమున నెత్తురును ఆపవలెను, గాలి త్రోవను మాత్రము మూయరాదు.