వేసవి యెండయు, ట్రాక్టరు బ్యాటరీయు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రోలు పగిలిన కంటికి కనబడును. అదే యెండలో చప్పుడు లేక చెడునది మరియొకటి కలదు. అది ట్రాక్టరులోని బ్యాటరీ.

నిరుడు మృగశిర కార్తెలో తొలకరి పడిన మరునాడు మేమొక గ్రామమునకు పోయితిమి. నేల మంచి పదునుమీద నుండెను. ఊరివారందరును దుక్కులకు కదలిరి. ఒక రైతు మాత్రము తన ట్రాక్టరు ప్రక్కన నిలిచియుండెను. తాళము త్రిప్పగా టిక్కుమను ధ్వనియే గాని యింజను కదలదయ్యెను. వేసవియంతయు బాగుగ నడచిన బండి వాన తడికి చెడినదని యాతడు చెప్పెను. మేము బ్యాటరీ మూతలు విప్పి చూచితిమి. ఆరు అరలలో నాలుగింట ద్రవము దిగిపోయి, పలకల పైభాగము తెల్లబారి యుండెను. చెరుపు చేసినది వాన గాదు, ఎండ. పట్టణమునుండి క్రొత్త బ్యాటరీ వచ్చుసరికి రెండు దినములు గడచెను, పదును పోయెను.

ఇట్లేల జరుగునో తెలిసికొనవలయును. బ్యాటరీలో సీసపు పలకలును, నీరు కలిపిన గంధకామ్లమును ఉండును. 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతియే నేటికిని మన ట్రాక్టరులలో నున్నది. పండ్రెండు వోల్టుల బ్యాటరీకి ఆరు అరలు. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచె మెక్కువగా నిచ్చును. పలకలకును ఆమ్లమునకును జరుగు రసాయన క్రియవలన విద్యుత్తు పుట్టును. వేడిమి హెచ్చినకొలది ఈ క్రియయు, దానితోపాటు చెడుగును త్వరపడును. ఎల్లప్పుడును 10 డిగ్రీల సెల్సియస్ అధికమగు వేడిమిలో నుండు బ్యాటరీకి ఆయువు సుమారు సగమగునని నిపుణుల లెక్క.

ఎండవలన కలుగు నష్టములు మూడు. ద్రవములోని నీరు తరిగి పలకలు బయటపడును. పలకల సీసపు చట్రము లోలోపల తినివేయబడును. బండి యూరక నిలిచియున్నను చార్జి త్వరగా తరుగును. అట్లు తరిగిన స్థితిలో చాలదినము లుంచినచో పలకలమీద సీసపు లవణము గట్టిపడి మరల కరగదు.

అయినను వేసవిలో లోపము బయటపడదు. వేడికి ఇంజను నూనె పలుచబడును, బ్యాటరీ క్రియయు చురుకుగ నుండును. గాన బలహీనమైన బ్యాటరీయు ఇంజనును త్రిప్పగలుగును. ఇది అడిగినంత అప్పిచ్చు వడ్డీవ్యాపారి తీరు. పుచ్చుకొనునపుడు సుఖము, వాన పడి చల్లబడిన నాడు వడ్డీతో చెల్లింపు.

కావున వేసవిలో చేయవలసిన పనులు ఇవి.

మూతలు గల బ్యాటరీని పదునైదు దినముల కొకసారి విప్పి చూడవలయును. ద్రవము తగ్గినచో డిస్టిల్డు వాటరను పేర నమ్ము స్వేదనజలమునే పోయవలయును. బావినీరు, బోరునీరు, త్రాగుటకు శుద్ధిచేసిన నీరు పనికిరావు. అందలి లవణములు పలకలను చెరుచును. తరుగునది నీరే గాని ఆమ్లము గాదు, గాన ఆమ్లము పోయరాదు. పలకలు బయటపడియున్నచో అవి మునుగునంత నీరు మాత్రము పోసి, చార్జి చేయించి, పిదప గుర్తువరకు నింపవలయును. అంచువరకు నింపినచో వేడికి పొంగి పొరలును.

బండిని చెట్టు నీడనో పాకలోనో నిలుపవలయును. పనిలేని దినములలో బ్యాటరీ తీగ విప్పియుంచి, నెల కొకసారి చార్జి చూడవలయును. కొన్ని గంటలు కదలక యున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12.4కు దిగినచో చార్జి చేయింపవలయును.

అన్ని అరలలోను నీరు త్వరత్వరగా తరుగుచున్నచో, యింజను నడుచునపుడు వోల్టులు కొలిపింపుడు. 15కు మించినచో చార్జి నిచ్చు యంత్రమునందే లోపము కలదు. దానిని బాగుచేయింపక క్రొత్త బ్యాటరీ పెట్టినను అదియు చెడును.

తీగలు బిగించు కొనలపై తెల్లని బూజువంటిది చేరినచో, మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిదప వ్యాసెలైను పూయుడు. విప్పునపుడు మొదట రుణధ్రువపు తీగను, బిగించునపుడు దానిని కడపట. చార్జియగు బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును గాన దాపున బీడీ వెలిగింపరాదు. ఆమ్లము కంట బడినచో పదునైదు నిమిషములకు తక్కువగాక మంచినీటితో కడిగి వెంటనే వైద్యుని జూడవలయును.

మూతలు లేక మూసివేసిన బ్యాటరీలకు నీరు పోయు పని లేదు; వానిని విప్పరాదు. నీడయు, చార్జి పరీక్షయు వానికిని అవసరములే.

ఈ పనులకు పెద్ద వ్యయము లేదు. ద్రవపు సాంద్రత జూపు హైడ్రోమీటరు ఒకటియు, వోల్టులు కొలుచు మీటరు ఒకటియు ప్రతి సంఘమును కొని యుంచినచో సభ్యులందరకును చాలును. మృగశిర ప్రవేశమునకు పదునైదు దినములు ముందుగా ఊరిలోని ట్రాక్టరులన్నిటిని ఒకనాడు పరీక్షించుకొనుడు. చెడినదానిని మార్చుకొన నప్పటికి వ్యవధి యుండును. వాన పడిన పిదప పదును మనకొరకు నిలువదు.